కాళ్ళు లేని కొంగ

ముందు గదిలో నిచ్చెన మీద కర్టెన్ల మాస్టరు, కింద ఇంటాయన, వంటింటి గుమ్మంలో ఆయన భార్య. కిటికీ అవతల ఐదడుగుల సందు. సందు దాటితే తమ్ముడి ఇల్లు.

"చంటిగాడు నా గొంతు కోశాడు మాస్టారూ. కోసి, చేతులు తుడుచుకుని నవ్వుతూ పోయాడు. తోడబుట్టినవాడు కదా అని ఊరుకున్నాను. పేరుకే చంటి. నలభై మూడేళ్ళు వెధవకి."

"ఆ స్క్రూ కాస్త అందుకోండి సార్."

"ఇదిగో. మా నాన్న కట్టిన ఇల్లు ఇది. మధ్యలో సందు తీసి రెండు చేశాం. ముందిల్లు వాడికి, వెనకిల్లు నాకు. ఇప్పుడు వాడికి రోడ్డు, వాడికి గాలి, వాడికి వెలుతురు. నాకేమో వాడి ఇంటి వీపు. పొద్దున్నే లేచి తలుపు తీస్తే మనిషికి ఏం కనపడాలి? నాకు వాడి బాత్రూము పైపు కనపడుతుంది."

"వెనకిల్లు కావాలని కోరుకుంది మీరే కదండీ."

"నువ్వు ఊరుకోవే. నేను కోరుకోలేదు. కోరుకునేటట్టు చేశాడు."

"అదెలాగో మాస్టారికి కూడా చెప్పండి."

"చెబుతాను, నాకేం భయం? 'అన్నయ్యా, పెద్దవాడివి, ముందు నువ్వు కోరుకో' అన్నాడు మాస్టారూ. పదిమందిలో అన్నాడు. అంత ధైర్యంగా అన్నాడంటే ముందింట్లో ఏదో లోపం ఉండే ఉంటుందని నాకు తట్టింది. వెనకది అన్నాను. వాడు 'సరే' అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చూశారా మోసం?"

"ఊఁ. ఇంకో స్క్రూ సార్."

"ఏడాది తిరక్కుండా రోడ్డు వెడల్పు చేశారు."

"రోడ్డు కూడా మరిదే వెడల్పు చేయించాడా?"

"వాడికి ముందే తెలిసి ఉంటుంది. చదువుకున్నవాడు, ఆఫీసులో కూర్చునేవాడు. నేను ఏడో క్లాసులో బడి మానేసి ముప్పై అయిదేళ్ళుగా మోటార్లకి తీగ చుట్టుకుంటున్నాను. నాకెవడు చెబుతాడు రోడ్డు సంగతి?"

"బాగా మాట్లాడుతున్నారు గానీ సార్, ఆ రాడ్డు వదిలేశారు. కాస్త పైకెత్తి పట్టుకోండి."

"పట్టుకున్నాను. మాస్టారూ, ఈ కిటికీ సంగతి వేరు. మిగతా గదుల్లో మీ ఇష్టం. ఇక్కడ మాత్రం కర్టెను జరగకూడదు. రెండు పక్కలా అంచులు గోడకి పెట్టి మేకులు కొట్టెయ్యండి."

"కర్టెనంటే జరపడానికే కదా సార్."

"ఇది జరగదు. నాలుగేళ్ళుగా వాడితో మాట లేదు. ఈ మేకులు పడితే చూపు కూడా ఉండదు. నేను పోయినప్పుడు తియ్యమను, ఎవరైనా వచ్చి."

"గది చీకటైపోతుందండీ."

"లైటు వేసుకో."

"పట్టపగలా?"

"పట్టపగలే. ఇంకో మాట మాస్టారూ. బట్ట మంచి వైపు బయటికి పెట్టండి."

"బయటికా? సార్, మంచి వైపు ఇంట్లోకి ఉండాలి. ఈ కొంగలు, ఈ నీళ్ళు, ఈ గడ్డి, ఇవన్నీ మీరు చూసుకోవడానికి. వెనక వైపు చూడండి, వెలిసిపోయినట్టు ఎలా ఉందో."

"వెలిసింది మేం చూసుకుంటాం. మంచిది వాడు చూడాలి. రోజూ చూడాలి. చూసి, అన్నం ముందు కూర్చున్నా గుర్తు రావాలి."

"డబ్బు పెట్టి కొనుక్కున్నది మనం. చూసుకునేది వాళ్ళా?"

"చూసుకునేది కాదే, ఏడ్చేది. నీకు అర్థం కాదు."

"పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను సార్. ఉల్టా పెట్టమని ఎవరూ అడగలేదు."

"వాళ్ళెవరికీ చంటిగాడు తమ్ముడు కాడు. అదీ తేడా. మాస్టారూ, మీరు ఈ వీధిలో చాలా ఇళ్ళకి పనిచేస్తారట కదా?"

"చేస్తుంటాను. అక్కడక్కడా."

"ముందింటికి చేశారా?"

"ముందింటికంటే... ఏ ముందింటికి సార్?"

"ఎన్ని ముందిళ్ళు ఉంటాయి? మా వాడింటికి. మొన్న గురువారం ఆటోలో పెద్ద చుట్ట ఒకటి దిగింది వాడింటికి. గోధుమరంగు కాగితం చుట్టి, నా అంత పొడుగు. అంతకు ముందు వారం కొత్త ఫ్యాను. అంతకు ముందు గుమ్మానికి రంగు, రెండు కోటింగులు వేయించాడు."

"అటు చూడనే చూడనంటారు కదా మీరు?"

"చూడను. కళ్ళబడుతుంది. చెప్పండి మాస్టారూ, ఆ చుట్ట కర్టెన్ల బట్టేనా? ఏం బట్ట? మీటరు ఎంతది?"

"అది సార్..."

"మాస్టారూ, నిచ్చెన! నిచ్చెన ఊగుతోంది!"

"ఊగట్లేదమ్మా."

"ఊగుతోంది. మాటల్లో పడితే మీకు తెలియట్లేదు. చూసుకోండి."

"ఓ... అవునవును. కాస్త ఊగుతోంది."

"నిచ్చెన మీద ఉన్నది ఆయన. నీకెందుకే చెమటలు పడుతున్నాయి?"

"పొయ్యి దగ్గర నుంచి వచ్చాను కదా."

"సరే, నువ్వు చెప్పు. షాపుకి వెళ్ళి ఎంచింది నువ్వు. ఇంతకన్నా మంచి బట్ట అక్కడ ఉందా?"

"లేదండీ. ఇదే అన్నిటికన్నా మంచిది."

"అయితే వాడిదానికన్నా మంచిదే."

"వాళ్ళదానికన్నా తక్కువ మాత్రం కాదు."

"తక్కువ కాదంటే చాలదు. ఎక్కువ ఉండాలి. ఇంకో వంద పెట్టి ఇంకా పైది తీసుకోవాల్సింది. నేను అడ్డం చెప్పానా? కర్టెన్ల విషయంలో నేను అడ్డం చెప్పానా అంట?"

"గ్యాసు లైటరు కొందామంటే నెల రోజులు ఆలోచించారు. కర్టెన్లంటే మరుసటి రోజే డబ్బు తీసి ఇచ్చారు. నాకే ఆశ్చర్యం వేసింది."

"గ్యాసు లైటరు చంటిగాడికి కనపడదు కదే. ఏం మాస్టారూ, అయిందా?"

"అయింది సార్. రెండు పీసులూ వేశాను. మీరన్నట్టే మంచి వైపు బయటికి. ఇక మేకులే మిగిలాయి."

"ఉండండి, ఉండండి. మేకులు కొట్టకండి. సందులోకి వెళ్ళి చూసొస్తాను, వాడికి ఎలా కనపడుతుందో."

"ఎండగా ఉందండీ, తర్వాత..."

"సందులో ఎండేమిటే? చెప్పుల జత ఏదీ? ఇక్కడే ఉంది."

"వెళ్ళారా అమ్మా?"

"వెళ్ళారు. మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పెయ్యకండి."

"నాకు అబద్ధాలు చేతకావమ్మా. ఆ నిచ్చెన మాట మీరు అనకపోతే అప్పుడే జారిపోయేవాణ్ణి."

"ఈ ఒక్క గంట. మీరు కూలి డబ్బులు తీసుకుని వెళ్ళిపోతే తర్వాత నేను చూసుకుంటాను."

"ఆయన సందులో అటు తిరిగి నిలబడ్డారమ్మా. ఇటు కాదు, అటు చూస్తున్నారు."

"అటా? అయ్యో. చెల్లిని కిటికీ తలుపులు వేసుకోమని చెప్పాల్సింది."

"వచ్చేస్తున్నారు."

"బాగుందా అండీ?"

"బాగుంది."

"బాగుంది కదా. మాస్టారూ, టీ పెట్టనా?"

"కొంగకి కాళ్ళు లేవు."

"ఏమిటి సార్?"

"అటు చివర పీసులో కొంగలకి కాళ్ళు లేవు. పడగ్గదిలో కొంగలకి కాళ్ళున్నాయి. వంటింట్లో అయితే ఒంటికాలి మీద కూడా నిలబడ్డాయి. ఇవి తొడల దాకా వచ్చి ఆగిపోయాయి. ఏమయ్యాయి మాస్టారూ కాళ్ళు?"

"కొంగలు నీళ్ళలో ఉంటాయి కదా సార్..."

"బట్టలో నీళ్ళెక్కడున్నాయో నాకు తెలుసు. ఇవి గాల్లో ఉన్నాయి."

"కాస్త దూరం నుంచి చూస్తే తెలియదండీ."

"ఐదడుగుల నుంచే చూశాను. వాడు చూసేది కూడా అంత దూరం నుంచే. నేను మంచి వైపు చూపిస్తుంటే వాడు కుంటి కొంగల్ని చూసి నవ్వాలా?"

"అది ఆఖరి పీసు సార్. కొసకి వచ్చేసరికి కొంగ మధ్యలో పడింది కత్తెర."

"కొస అంటే? బట్ట తాను అయిపోయిందా?"

"అయిపోలేదు సార్. అంటే, మీది అయిపోయింది."

"నాది అయిపోవడమేమిటి? అందులో ఇంకెవడిది ఉంది?"

"మాస్టారూ, నిచ్చెన..."

"ఆయన నిచ్చెన దిగి పావుగంటయింది! నేల మీద నిలబడ్డాడు. నేల కూడా ఊగుతోందా నీకు?"

"ఊగుతున్నట్టే ఉందండీ."

"ఊగుతుంది. ఎందుకూగదు? ఆ కాళ్ళు ఎక్కడున్నాయి మాస్టారూ?"

"ఇంకో పార్టీకి వెళ్ళాయి సార్."

"ఏ పార్టీ?"

"దగ్గరే."

"ఎంత దగ్గర?"

"దగ్గరంటే... దగ్గరే."

"నేను చెప్పనా? ఇప్పుడే చూసొచ్చాను. చంటిగాడి మూల కిటికీలో ఉన్నాయి. రాడ్డు కింద నుంచి వరసగా కాళ్ళు వేలాడుతున్నాయి, పైన తలలు లేకుండా. వెనక వైపు నుంచి వెలిసిపోయి ఉన్నా గుర్తుపట్టాను. అవి నా కొంగల కాళ్ళు!"

"నేనే చెబుతాను. మాస్టారి మీద అరవకండి. నేనూ చెల్లీ కలిసి వెళ్ళాం షాపుకి."

"ఏ చెల్లి?"

"నాకెంతమంది చెల్లెళ్ళున్నారు? మీ తమ్ముడి భార్య."

"మీకు మాటల్లేవు కదా!"

"మాటల్లేనిది మీ ఇద్దరికి. మేమెప్పుడు మానేశాం?"

"నాలుగేళ్ళుగానా?"

"సందులో బట్టలు ఆరేసుకునేటప్పుడు. మీరు మోటార్ల షెడ్డుకి వెళ్ళాక."

"నేను చెమటోడ్చి తీగ చుడుతుంటే, ఇక్కడ నా వీపు వెనక... ఎవరు ఎంచారు ఈ బట్ట?"

"ఇద్దరం."

"ముందు ఎవరి చెయ్యి పడింది దీని మీద?"

"ఏం గుర్తుందండీ అది?"

"గుర్తుంటుంది. ముందు 'బాగుంది' అన్నది ఎవరు? ఆవిడేనా?"

"నేనే."

"అబద్ధం. నీకు నీలం నచ్చుతుంది. ఇది ఆకుపచ్చ. అంటే ఆవిడ ఎంచింది, నువ్వు తలూపావు. వాళ్ళు వాడి పారేసిన ఇష్టం మనకి!"

"తాను మొత్తం తీసుకుంటే మీటరుకి నలభై తగ్గిస్తానన్నాడు సార్ షాపాయన. ఆడవాళ్ళిద్దరూ అందుకని..."

"మీరు ఆగండి మాస్టారూ. పంపకం! మళ్ళీ పంపకం! నాకు తెలియకుండా, నా ఇంట్లో రెండో పంపకం జరిగింది. తలలు నాకు, కాళ్ళు వాడికి. తలలతో నేనేం చేసుకోను? కాళ్ళుంటేనే కదా నిలబడేది!"

"కర్టెను కదా అండీ, అది వేలాడుతుంది. నిలబడక్కర్లేదు."

"నవ్వకు. తాను ఎంత మాస్టారూ?"

"నలభైన్నర మీటర్లు."

"ఒక్కో పీసు?"

"రెండుంపావు. మొత్తం పద్దెనిమిది పీసులు వచ్చాయి."

"పద్దెనిమిది. సగం తొమ్మిది. కానీ వాడు తొమ్మిదితో ఊరుకునే రకం కాదు. పది లాగి ఉంటాడు. పదకొండేమో. ఎన్ని?"

"సార్, ముందు మీవి లెక్కపెట్టుకోండి."

"పడగ్గదికి రెండు, వంటింటికి రెండు, చిన్న గదికి రెండు, మూల గదికి రెండు, ఇక్కడ రెండు."

"ఎన్నయ్యాయి?"

"పది."

"పదే సార్."

"పదా? ఉండండి. పడగ్గదికి రెండు, వంటింటికి... పది. మరి వాడికి?"

"ఎనిమిది."

"కుదరదు. వాడికీ ఐదు కిటికీలే. మా నాన్న లెక్కపెట్టి కట్టించాడు, అటు ఐదు, ఇటు ఐదు."

"ఐదే సార్. నాలుగింటికి కట్టాను. ఒకటి వదిలేశాను."

"ఎందుకు వదిలేశారు? ఇంకో రెండు పీసులకి బట్ట తెప్పించవచ్చు కదా?"

"ఈ కొంగల బట్ట ఇక రాదట. అదే ఆఖరి తాను. చాలదని నేను ఆయనకి చెప్పాను. ఎవరింట్లో ఒక కిటికీ తగ్గించమంటారని అడిగాను."

"ఏమన్నాడు?"

"'ముందు మా అన్నయ్యకి అన్నీ కోసెయ్యి, మిగిలింది నాకు పట్టుకురా' అన్నారు."

"ఏమన్నాడు? మళ్ళీ చెప్పండి."

"ముందు మా అన్నయ్యకి అన్నీ..."

"చాలు. విన్నావుటే? మళ్ళీ అదే దెబ్బ! 'ముందు అన్నయ్యకి, ముందు అన్నయ్యకి' అంటూ అంటూ మనిషిని ముంచేస్తాడు. ఇప్పుడు షాపువాడు ఏమనుకుంటాడు? మీరేమనుకున్నారు మాస్టారూ? నిజం చెప్పండి, తమ్ముడంటే ఇలా ఉండాలి అనుకున్నారా లేదా?"

"అదీ..."

"నిచ్చెన లేదు, ఏమీ లేదు. చెప్పండి."

"అనుకున్నాను సార్."

"అయిపోయింది. అదీ కొట్టేశాడు. రోడ్డు వాడిదే, వెలుతురు వాడిదే. మంచివాడన్న పేరు ఒక్కటి మిగిలింది ఈ వీధిలో, దానికీ ముందు వాడే చెయ్యేశాడు. ఎనిమిది పీసులు తీసుకుని పది పీసులవాణ్ణి ఓడించాడు. ఇది మామూలు బుర్ర కాదు."

"ఆయన అంత ఆలోచించి ఉండరండీ."

"నువ్వు వాణ్ణి వెనకేసుకు రాకు. నాకు తెలుసు వాడు. మా అమ్మ చెరో లడ్డూ ఇస్తే, వాడు వాడిది నాకు పెట్టేసేవాడు. పెట్టేసి అమ్మ ఒళ్ళో కూర్చునేవాడు. నాకు రెండు లడ్డూలు, వాడికి ఒడి. అప్పుడే మొదలుపెట్టాడు."

"ఎన్నేళ్ళప్పుడండీ?"

"మూడేళ్ళప్పుడు. నవ్వద్దన్నానా?"

"నవ్వట్లేదు."

"ఏ కిటికీ వదిలేశాడు మాస్టారూ?"

"మీకు కనపడలేదా సార్ ఇందాక?"

"మూల కిటికీలో కాళ్ళే చూశాను. ఎదురుగా ఒకటి బోసిగా ఉంది. దానికి ఇంకా ఏదో ఖరీదైనది తెస్తాడేమో అనుకున్నాను."

"అదే సార్ వదిలేసింది. ఈ కిటికీకి సరిగ్గా ఎదురుది."

"ఎందుకు అదే?"

"నేనూ అన్నాను. సార్, సందు వైపుది కాదు, ఇంకేదైనా వదలండి, ఇది నేరుగా ఎదురింట్లోకి కనపడుతుంది అని. 'దాని అవతల ఉండేది మా అన్నయ్యే కదా, పరాయివాళ్ళెవరున్నారు' అన్నారు."

"ఏమండీ, మంచినీళ్ళు ఇవ్వనా?"

"వద్దు."

"మేకులు కొట్టెయ్యమంటారా సార్? నాకు ఇంకో ఇంట్లో పనుంది."

"ఉండవయ్యా. మేకులట, మేకులు. ఒక పీసు దింపండి."

"దింపడమెందుకు సార్?"

"తొమ్మిది నాకు, తొమ్మిది వాడికి. తీసుకెళ్ళి వాడి కిటికీకి కట్టండి. వాడి వాటా కప్పుకుని పడుకుంటానా నేను? రేపు వీధిలో ఎవడైనా 'తమ్ముడు పెట్టిన బట్ట' అంటే నేను తలెక్కడ పెట్టుకోను?"

"ఒక్క పీసుతో కిటికీ సగమే మూసుకుంటుంది సార్."

"సగమే మూసుకోనీ."

"అక్కడా సగమే."

"సగమే కదా వాడి వాటా. అంతకన్నా ఎందుకిస్తాను? నేనేం దానకర్ణుడినా?"

"అప్పుడు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కనపడుతుంది కదండీ?"

"కనపడితే కనపడుతుంది. నేనేం దొంగతనం చేశానా దాక్కోవడానికి? లెక్క లెక్కే."

"నేనేమీ అనలేదు. చెల్లికి చెబుతాను, మాస్టారు వస్తున్నారని."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నిచ్చెన భుజానేసుకుని వెళ్ళేవాడు కనపడడా వాళ్ళకి?"

"ఏ పీసు దింపను సార్? కుడిదే కదా? కాళ్ళు లేనిది అదే. అది వాళ్ళకి వెళ్ళిపోతే, మీకు నిండు కొంగలు మిగులుతాయి."

"అవును. అది... ఉండండి. మీరు కొలతలకి వెళ్ళినప్పుడు ఆ గదిలో వాడు ఎక్కడ కూర్చున్నాడు?"

"గోడవార కుర్చీలో సార్. రోజూ ఆఫీసు నుంచి వచ్చి అందులోనే కూర్చుంటారట."

"ఇక్కడ నుంచి చూస్తే కుడికా, ఎడమకా?"

"ఎడమకి. సరిగ్గా ఎడమ పీసు ఎదురుగా. మీరేం కంగారుపడకండి సార్, అందుకే కుడిది దింపుతానంటున్నాను. ఎడమది అలాగే ఉంటుంది, ఆయన మీకు కనపడనే కనపడరు."

"కనపడకూడదని మీకెవరు చెప్పారు?"

"మీరే కదా సార్, పొద్దున్నుంచీ..."

"ఎడమది దింపండి."

"నిండు కొంగలది అదే సార్. ఆయనకి మంచిది పోతుంది, మీకు కుంటిది మిగులుతుంది."

"వినపడిందా లేదా? ఎడమది దింపండి. రాసుకోండి కావాలంటే. చంటిగాడి వల్ల ఇవాళ నాకు పోయింది, మంచి బట్ట, రెండుంపావు మీటర్లు."